ఆరు పెట్టెల నతానియేల్

ఫోన్లో ఎవరేం చెప్పినా మా నతానియేల్ బావ దాన్ని విన్నట్టు లెక్కవెయ్యడు. ఆయనకి చెవుడేమీ లేదు, రెండు చెవులూ నిక్షేపంలా ఉన్నాయి. కానీ ఫోన్లో వచ్చిన మాటని రికార్డు చేసి, కంప్యూటర్లో వేసి, హోమ్ థియేటర్‌కి పనికొచ్చే ఆడియోగా మార్చి, హాల్లో ఉన్న ఆరు స్పీకర్ పెట్టెల్లోంచి మోగిస్తే తప్ప ఆయన దృష్టిలో అది మాట కాదు. నాలుగు పెట్టెలు హాలు నాలుగు మూలల్లో ఉంటాయి. అయిదోది టీవీ కింద నడిమధ్యన ఉంటుంది. ఆరోది, అన్నిటికంటే లావైనది, ఆయన భార్య ఆరోగ్యమ్మక్క కుర్చీ కింద ఉంటుంది. అక్కడే ఎందుకంటే బావ చెప్పడు.

మేం మల్కాపురంలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. కింద వాళ్ళు, పైన నేనూ మా ఆవిడ మహేశ్వరీ. స్టీల్ ప్లాంటు ఎలక్ట్రికల్ సెక్షన్లో నాకు పని నేర్పింది ఆయనే. ఆయన రిటైరయ్యాడు, నేనింకా అక్కడే ఉన్నాను. వరసకి ఒకరికొకరం ఏమీ కాము. అయినా ఉద్యోగంలో చేరిన మొదటి రోజున "ఏటి బావా, కొత్తా?" అని పలకరించాడు, ఆ రోజు నుంచీ బావ అయిపోయాడు. ఆయన బావ గనక ఆవిడ నాకు అక్క.

"సూడు బావా," అంటాడు ఆయన, కొత్తగా ఎవరు దొరికినా ఇదే పాఠం. "ఫోన్లో మనిషి గొంతు పూర్తిగా రాదు. లావుగా ఉన్నదంతా కింద కోసేత్తారు, సన్నంగా ఉన్నదంతా పైన కోసేత్తారు. నడుమ ముక్క ఒకటి మన సెవిలో పడేత్తారు. సేపకి తలా తోకా తీసేసి ఇచ్చినట్టు."

"పులుసుకి నడుమ ముక్కే కదా బావా కావాలి?"

"తలకాయ లేని పులుసు కూడా ఒక పులుసేటి?"

ఆ పోయిన తలనీ తోకనీ మళ్ళీ అతికించడమే ఆయన పని. రికార్డులోంచి మాటని ఒక పక్కకీ, మనిషి చుట్టూ ఉన్న చప్పుళ్ళని ఇంకో పక్కకీ తీస్తాడు. గొంతు నడిమి పెట్టెలోంచి వస్తుంది. బస్సులూ కుక్కలూ కుక్కర్ కూతలూ వెనక పెట్టెల్లోంచి వస్తాయి. గొంతులో ఉండాల్సిన బరువుని ఊహించి లావు పెట్టెలో పోస్తాడు. అది మోగితే కుర్చీ, కుర్చీలో అక్క, పైన మా ఇంట్లో గిన్నెలూ అన్నీ కదులుతాయి.

వాళ్ళమ్మాయి కేథరిన్ రుషికొండలో కంప్యూటర్ కంపెనీలో పని చేస్తుంది, హాస్టల్లో ఉంటుంది. ఈ కంప్యూటర్ కొనిచ్చింది ఆ పిల్లే. మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ చేసి "అమ్మా, తిన్నావా?" అంటుంది. ఆ ప్రశ్న ఆరు ముక్కలై, హాల్లో మోగి, అక్క విని, అక్క జవాబుని మళ్ళీ బావ రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేసరికి సాయంత్రం టీ వేళవుతుంది. "తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?" అని వెళుతుంది. ఆ జవాబు విన్నప్పుడు కేథరిన్ ఏం తింటోందో నాకు తెలియదు.

ఆయనకి ఫోన్ చేస్తే "హలో" అనడు. "రికార్డవుతంది, సెప్పు" అంటాడు. చెప్పినదాంట్లో ఒక్క ముక్క నలిగినా "రీటేక్" అంటాడు.

ఒకనాడు మహేశ్వరి డాబా మీద బట్టలారేస్తుంటే వాటర్ ట్యాంకు పొంగింది. మోటారు స్విచ్చి కింద బావ గుమ్మం పక్కన ఉంది. ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ట్యాంకు పొంగిపోతోంది, మోటారు ఆపండి."

"రికార్డవుతందమ్మా. గాలికి ఎదురుగా నిలబడ్డట్టున్నావు. కాస్త పక్కకి తిరిగి సెప్పు."

"మోటారు ఆపండి అన్నయ్యా."

"ముందు ట్యాంకు అన్నావు కదా, అది తెగిపోయింది. రీటేక్. నిదానంగా."

మహేశ్వరి నిదానంగా చెప్పింది. నీళ్ళు అంతకంటే నిదానంగా మెట్లు దిగి మా గుమ్మంలోకి వచ్చాయి. సాయంత్రం దెబ్బలాడ్డానికే కిందికి వెళ్ళింది. "కూకోమ్మా, ముందు ఇను" అని కూర్చోబెట్టి వినిపించాడు. తిరిగొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది. "ఎంత బాగా వచ్చిందోనండీ. నీళ్ళు అచ్చంగా నా వెనకే పారుతున్నట్టుంది" అంది. నీళ్ళు నిజంగానే ఆవిడ వెనక పారాయి. తుడిచింది నేను.

యారాడ వీరన్న కథ ఇంకొకటి. వేటకి వెళ్ళొచ్చి ఒడ్డున వల విప్పుతూ ఫోన్ చేసేవాడు. "బావూ, సందువలు పడ్డాయి, నీకు ఉంచమంటావా?" బావ దాన్ని థియేటర్‌కి మార్చి, అక్కకి వినిపించి, అక్క "ఉంచమను" అన్నది పంపేలోపు ఆ చందువలు ఎవరింట్లోనో వేగిపోయేవి. చివరికి వీరన్న, వాళ్ళావిడ పోతమ్మా గంప పట్టుకుని తిన్నగా ఇంటికే వచ్చారు.

"పొద్దుట నాను అడిగితే పొద్దుగూకి సెప్తన్నావేటి బావూ?"

"సేప పోతే పోయింది గాని, నీ ఎనకాల కెరటం ఎలాగొచ్చిందో సూడు" అని ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

వీరన్న రోజూ చూసే సముద్రమే. అయినా తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "మా యారాడదే. ఆ రాయి కాడ కెరటం ఇలాగే ఇరుగుతాది" అన్నాడు. తర్వాత పోతమ్మ ఎప్పుడో చేసిన ఫోన్ మోగించాడు. నడిమి పెట్టెలోంచి తన గొంతు తనకే వినబడితే ఆవిడ కాసేపు మొగుడి వంక చూసింది. "నా గొంతు ఇంత నిండుగా ఉంటాదని నువ్వు ఒక్కనాడూ సెప్పలేదేటి?" అంది. అప్పట్నించీ చేపలు ముందు వస్తాయి, ఫోన్ తర్వాత వస్తుంది.

ఇంటికొచ్చిన వాళ్ళకీ రూల్సుంటాయి. కిటికీ పక్క కుర్చీలోనే, మొహం వెలుగులోకి పెట్టి కూర్చోవాలి. "గొంతుకి వెలుగెందుకు బావా?" అని అడిగాను. "ఎలుగులో గొంతు తేటపడతాది" అన్నాడు. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే తనే లేచి వచ్చి ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెడతాడు. పైగా మనం అన్న ప్రతి మాటా అక్క వైపు తిరిగి తను మళ్ళీ అంటాడు. ఎందుకంటే "లెవెల్ సూత్తన్నాను" అంటాడు. వీధిలో ఆయన్ని అందరూ ఆరు పెట్టెల నతానియేల్ అంటారు. ఆయనా ఆ పేరుకి పలుకుతాడు. అంత నవ్వులపాలైనా మొహం ముడుచుకోని మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఇక ఆరోగ్యమ్మక్క గురించి చెప్పాలి. ఆవిడ పోర్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసి రిటైరైంది. చెవి మీద హెడ్‌సెట్ పెట్టుకుంటే పోర్టంతా ఆవిడ చెవిలో ఉండేది. "హలో" అన్న ఒక్క మాట చాలు, "చెప్పండి గురునాథరావు గారూ, జలుబు చేసినట్టుందే" అనేది. ఆ ఎక్స్ఛేంజిలో ఒక పట్టింపుంది. ఆపరేటరన్నవాళ్ళు "ఎవరండీ మాట్లాడేది?" అని అడగకూడదు. అడిగితే నామోషీ. కాసులమ్మ అనే ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కసారి నోరుజారి అడిగిందట. మనవలు పుట్టినా ఆవిడ ఇప్పటికీ 'ఎవరండీ కాసులమ్మే'.

రిటైరయ్యాక కూడా ఎక్స్ఛేంజి వాళ్ళంతా ఏడాదికోసారి కలుస్తారు. కలిసినప్పుడు ఒక ఆట ఉంది. ఒక్కొక్కరూ బయటికెళ్ళి, లోపలికి ఫోన్ చేసి, ఉత్త "హలో" అంటారు. అక్క పేరు చెప్పాలి. ఆవిడ ఏ ఏడూ తప్పలేదు, ఏ ఏడూ శాలువా తప్పలేదు. బీరువాలో చోటు చాలక బావ ఆ శాలువాలతో స్పీకర్లకి ముసుగులు కుట్టించాడు.

కిందటి రెండుసార్లూ "మా ఇంట్లోనే, బిరియానీ నాది" అని బావ పట్టుబట్టి ఇంట్లోనే పెట్టించాడు. ఆట కూడా ఆరు పెట్టెల్లోనే సాగింది. ఈసారి సంఘం పెద్ద భీమశంకరరావు గారు, అప్పట్లో అక్కకి పై అధికారి, ద్వారకా నగర్లో ఒక హోటల్ హాలు మాట్లాడేశారు. ఆ కబురు వచ్చిన రోజు బావ మా ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, తాగిన గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు.

"ఏమైంది బావా?"

"ఆరు పెట్టెలూ ఆ హాలుకి మొయ్యాల బావా. నువ్వు రావాల."

"హోటల్ వాళ్ళకి మైకుంటుంది కదా."

"మైకుతో అవదు."

ఆటోలో లావు పెట్టె నా ఒళ్ళో ఉంది. నా ముందు ఇంకేమీ కనబడటం లేదు. అక్క కేథరిన్‌తో వేరే వస్తోంది. ఆటో అతను "పెళ్ళా సార్?" అన్నాడు. "కాదు, హలో అనడానికి వెళ్తున్నాం" అన్నాను. బావ నవ్వలేదు.

"శాలువా పోతే పోనీ బావా," అన్నాడు పెట్టె అవతలి నుంచి. "ఒక్క హలో తప్పిందంటే ఆరోగ్యమ్మ సెవి అయిపోయిందంటారు. అది తట్టుకోలేదు. ఆ సెవే ఆ మనిషి పేరు."

"అక్క ఎందుకు తప్పుతుంది?"

"పెట్టెల్ని పెట్టనిత్తే తప్పదు" అన్నాడు.

హాల్లోకి వెళ్ళగానే ముందు తెరలన్నీ పక్కకి లాగాడు. ఏసీ నిలవదని హోటల్ వాళ్ళు మూశారు. ఈయన తెరిచాడు. వాళ్ళు మళ్ళీ మూశారు, ఈయన మళ్ళీ తెరిచి తెర మీదికి ఒక కుర్చీ ఆనించాడు. వేదిక దగ్గర అక్క కుర్చీ, దాని కింద లావు పెట్టె, చుట్టూ శాలువాలు కప్పుకున్న అయిదు పెట్టెలు. చూసినవాళ్ళంతా అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

మొదటి హలో వచ్చింది. బావ రికార్డు చేశాడు, మార్చాడు, మోగించాడు. హాలంతా నిండుగా "హలో" అంది, వెనక ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకుంది. అక్క కళ్ళు మూసుకుని విని, నవ్వింది. "పైడయ్య. లిఫ్టు పక్కన నిలబడ్డావు." చప్పట్లు మోగాయి. పాత లైన్‌మన్ పైడయ్య తల గోక్కుంటూ లోపలికొచ్చాడు.

రెండో హలో వచ్చింది. బావ కంప్యూటర్ మీదికి వంగాడు. బజ్జీలు చల్లారాయి. ఎవరో ఆవలించారు. భీమశంకరరావు గారు గడియారం చూసుకుని, కాఫీ మెషిన్ పెట్టడానికి ప్లగ్గు వెతికారు. వేదిక పక్కన ఉన్నది ఒక్కటే. అందులో బావ యాంప్లిఫయర్ వైరుంది. దాన్ని పీకి, మెషిన్ వైరు పెట్టారు. ఆరు పెట్టెలూ ఒక్కసారి గుటుక్కుమని ఊరుకున్నాయి.

"సార్, అది..." అన్నాడు బావ.

"ఒక హలోకి ఇంతసేపైతే మనం ఇళ్ళకి వెళ్ళేదెప్పుడండీ? ఆరోగ్యమ్మ చెవికి ఈ పెట్టెలన్నీ దేనికి? ఆ చెవిని అవమానించడం కాదూ?" అని ఆయన తన ఫోన్ తీసి, బయటున్నవాళ్ళకి కలిపి, అక్క చేతిలో పెట్టారు. "పూర్వం లాగే కానివ్వమ్మా."

అక్క ఫోను చెవికి ఆనించుకుంది. బయట ఎవరో హలో అనే ఉంటారు. అక్క నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం బావని వెతుకుతున్నాయి. బావ చేతిలో పీకేసిన వైరుంది.

"రికార్డు సెయ్యకుండా ఇనడం రూల్సుకి విరుద్ధం సార్" అన్నాడు.

"రూల్సు పెట్టింది నేనే కదండీ," అని భీమశంకరరావు గారు కిటికీ వైపు, మా అందరి వైపూ తిరిగారు. గొంతు తగ్గించి అన్నారు. "ఈయన పిచ్చి బాగా ముదిరిపోయింది. ఆ మహాతల్లి ఎలా వేగుతోందో పాపం."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. "అవున్సార్, పిచ్చే. ఎంతైనా అనండి. ముందు ఆ ప్లగ్గు ఇప్పించండి సార్" అన్నాడు.

అక్క ఫోను బల్ల మీద పెట్టింది.

"భీమశంకరరావు గారూ, మా ఆయనకి పిచ్చి అన్నారు. నాకు వినబడలేదు. మీ పెదాల మీద చూశాను."

హాల్లో నవ్వు ఆగిపోయింది.

"నాకు సరిగ్గా వినబడటం మానేసి రెండేళ్ళు దాటింది. ఫోన్లో అయితే బొత్తిగా వినబడదు. ఎవరండీ అని అడగలేక ఫోను ఎత్తడం మానేశాను. అప్పుడు ఈయన ఎత్తడం మొదలుపెట్టాడు. మీ అందరి చేతా నిదానంగా చెప్పించింది నా కోసమే. కిటికీ దగ్గర కూర్చోబెట్టింది మీ పెదాలు నాకు కనబడాలని. ఆ లావు పెట్టె నా కుర్చీ కింద పెట్టింది, గొంతు చెవికి చాలకపోయినా ఒంటికి తెలుస్తుందని. నా చెవి పోయిందని ఒక్కరికీ తెలియకూడదని ఈయన ఊరందరికీ పిచ్చివాడయ్యాడు. నవ్వాలనుంటే నన్ను చూసి నవ్వండి."

బావ వైరు పట్టుకుని దొంగతనం బయటపడ్డవాడిలా నిలబడ్డాడు. "ఎందుకు సెప్పీసినావు? ఇన్నాళ్ళూ దాసినాను కదా" అన్నాడు.

"నిన్నంటే నానూరుకుంటానేటి?" అంది అక్క. ఎక్స్ఛేంజి వాళ్ళ ముందు ఎప్పుడూ అచ్చు గుద్దినట్టు మాట్లాడే ఆవిడ, ఆ మాట మాత్రం వంటింట్లో అన్నట్టే అంది.

నాకు కిటికీ, మూతి మీంచి తీసిన చెయ్యి, లెవెల్ చూడటం, అన్నీ వరసగా గుర్తొచ్చి ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. అలాగని అంతా అక్క కోసమేనని ఒప్పుకోను. మహేశ్వరి ట్యాంకు విషయం మాత్రం అచ్చంగా పిచ్చే.

ఆ హాల్లో మొదట నోరు విప్పింది కాసులమ్మ. "నాకు ఎడం చెవి పోయి చాలా కాలమైందే ఆరోగ్యం" అంది. హెడ్‌సెట్ పెట్టుకున్న చెవి అది.

"నాకు రెండూ అంతంతే" అన్నాడు పైడయ్య.

ఆ తర్వాత ఒక్కొక్కరూ బయటపడ్డారు. ఒకావిడ, కోడలు తిట్టినా, నవ్వుతోందట, ఏమందో తెలియక. ఇంకొకాయన చర్చిలో పక్కవాళ్ళు లేచినప్పుడు లేచి కూర్చున్నప్పుడు కూర్చుంటున్నాడట. జీవితమంతా ఇతరుల గొంతులు విన్న ఆ గుంపులో సగం మందికి వినబడదు. ఎవరండీ అని అడగడం నామోషీ గనక ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నిరుడు బావ ఇంట్లో బిరియానీ తింటూ వీళ్ళంతా తెగ కబుర్లు చెప్పుకున్నారు. ఎవరిది ఎవరు విన్నారో ఆ దేవుడికే తెలియాలి.

భీమశంకరరావు గారు కాఫీ మెషిన్ వైరు పీకారు. బావ చేతిలోంచి వైరు తీసుకుని తనే పెట్టారు. ఆరు పెట్టెలూ ఒక్కసారి ఉలిక్కిపడి లేచాయి.

"నతానియేల్ గారూ," అన్నారు. "నేనెక్కడ కూర్చోమంటారు?"

"కిటికీ కాడ సార్. మూతి మీంచి ఆ సెయ్యి తియ్యండి."

ఆ రోజు కాఫీ ఎవరూ తాగలేదు. పెట్టెల నడిమి అక్క కుర్చీ కోసం అందరూ వరస కట్టారు. కాసులమ్మ వంతు వచ్చినప్పుడు హలో విని, కాసేపు ఆలోచించి, "ఎవరండీ?" అని గట్టిగా అడిగేసింది. అక్క కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. శాలువా ఈసారి బావకి కప్పారు. ఆయన దాన్ని మడతపెట్టి కొలత చూసుకున్నాడు. లావు పెట్టెకి ఇంకా ముసుగు లేదు.

తర్వాత కేథరిన్ వాళ్ళమ్మని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇక దాచడానికేమీ లేదు గనక అక్క మారు మాట్లాడకుండా వెళ్ళింది. రెండు చెవులకీ రెండు మెషిన్లు పెట్టారు. గింజంతవి. ఇప్పుడు బాగా వినబడుతోంది. వీధి వీధంతా ఆరు పెట్టెల పని అయిపోయిందనుకుంది. బావ ఆ మెషిన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగానే ఉంది గాని బావా, రెండు సెవులకీ కలిపి రెండే పెట్టెలు. మిగతా నాలుగేవీ?"

మొన్న ప్లాంటు క్యాంటీన్లోంచి వాళ్ళ నంబరుకి ఫోన్ చేశాను. ఎప్పటిలాగే "రికార్డవుతంది" అని వినబడుతుందనుకుని "హలో" అన్నాను.

"ఉమామహేష్," అంది అక్క గొంతు. "క్యాంటీన్లో ఉన్నావు. ప్లేట్లు మోగుతున్నాయి."

ఈ పెట్టెలు వచ్చాక ఆవిడ తనంతట తను ఫోను ఎత్తడం అదే మొదలు. నాకు పట్టరానంత సంతోషం వేసింది. ఈలోపు వెనకనుంచి కుర్చీ జరిగిన చప్పుడూ, చెప్పుల చప్పుడూ, బావ గొంతూ వినబడ్డాయి.

"ఉండుండు, నానింకా రికార్డు నొక్కలేదు. బావా, పెట్టీసి మళ్ళీ సెయ్యి. రీటేక్."

ఫోన్ పెట్టేశాను. ప్లేట్లు కడిగే చోటికి కాస్త దగ్గరగా జరిగాను, వెనక పెట్టెల్లో బాగా వస్తుందని. మళ్ళీ నొక్కాను.

"రికార్డవుతంది, సెప్పు."

నిదానంగా, తలా తోకా ఎక్కడా తెగకుండా, "హలో" అన్నాను.